దోసెల మాస్టర్ కూతురు కాలేజీకి వెళ్లాలంటే

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో చిన్న ఇండియన్ రెస్టారెంట్. ఆరేళ్లుగా మా కిచెన్‌లో దోసెల పెనం దగ్గర ఉండేది ఒక మెక్సికో మనిషి. మనవాళ్లకంటే బాగా వేస్తాడు పెసరట్టు. వాళ్ల అమ్మాయి హైస్కూల్ సీనియర్ (12వ తరగతి), శని ఆదివారాలు మా దగ్గరే క్యాష్ కౌంటర్‌లో కూర్చుంటుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, మార్కులు బాగా వస్తాయి, నర్సింగ్ చదవాలని ఉంది. వాళ్ల నాన్న ఆరో తరగతితో ఆపేశాడు, అమ్మ ఇంకా తక్కువ. అన్న రెండేళ్ల కిందట కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల లోకల్ కాలేజీ) చేరి సెమిస్టర్ మధ్యలో మానేస్తే చేతికి 2,100 డాలర్ల బిల్లు వచ్చింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో కాలేజీ అన్న మాటెత్తితేనే టెన్షన్. "ఒక ఏడాది పని చేసుకోనీ, తర్వాత చూద్దాం" అంటున్నాడు ఆయన. నేను 5,000 డాలర్లు ఇద్దామనుకుంటున్నాను. మా ఆవిడేమో "వాళ్లకు హిస్పానిక్ స్కాలర్‌షిప్‌లు బోలెడు ఉంటాయి, ముందు అవి చూడండి" అంటోంది. మా ఫ్రెండ్ ఒకడు "వాళ్లకన్నీ ఉంటాయి, మన పిల్లలకే ఏమీ ఉండవు" అని ఎత్తిపొడుస్తాడు. ఇంతకీ ఈ స్కాలర్‌షిప్‌లు నిజంగా పనికొస్తాయా, పేరుకేనా? నన్నేం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 5,000 జేబులోనే ఉంచండి. ఇవ్వద్దని కాదు, ఇచ్చే చోటు వేరే ఉంది, అది చివర్లో చెప్తాను.

నేను టెక్సస్‌లోనే ఒక కమ్యూనిటీ కాలేజీలో పద్నాలుగేళ్లు ఫైనాన్షియల్ ఎయిడ్ కౌంటర్ వెనక కూర్చున్నాను. అంతకుముందు ఎక్కడో వరంగల్ జిల్లాలో సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను, మా నాన్న నా స్కాలర్‌షిప్ ఫారం మీద వేలిముద్ర వేసి, ఆదాయం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసుకు నాలుగు సార్లు తిరిగి, ఐదోసారి ఇక నా వల్ల కాదన్నాడు. అప్పుడు మా హాస్టల్ వార్డెన్ సైకిల్ మీద వెళ్లి తెచ్చిపెట్టాడు. ఆ స్కాలర్‌షిప్ ఎంతో కూడా ఇప్పుడు గుర్తులేదు, సైకిల్ మాత్రం గుర్తుంది. మీ ఉత్తరం చదువుతుంటే అదే కళ్ల ముందు తిరిగింది, అందుకే కొంచెం పెద్ద జవాబు రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అన్న సంగతి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఆ ఇంట్లో ముడి అక్కడ పడింది. ఆ 2,100 డాలర్లు అతను తీసుకున్న లోను అయ్యుండదని నా అనుమానం. లోను తీసుకునే ఇల్లులా లేదు అది. ఏం జరిగి ఉంటుందంటే, అతనికి పెల్ గ్రాంట్ వచ్చి ఉంటుంది, తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ డబ్బు. కానీ ఆ డబ్బుకు ఒక మెలిక ఉంది: సెమిస్టర్‌లో 60 శాతం రోజులు గడవకముందే అన్ని క్లాసులూ మానేస్తే, అప్పటిదాకా ఎంత కాలం చదివాడో అంతకే గ్రాంటు అతనిది అవుతుంది, మిగతాది కాలేజీ గవర్నమెంటుకు వెనక్కి పంపాలి, పంపేసి ఆ లోటును కుర్రాడి మీద బిల్లుగా వేస్తుంది. ఉదాహరణకు ఆగస్టు చివర్లో మొదలైన క్లాసులు నవంబర్ మొదటివారం దాకా లాక్కొస్తే చాలు, గ్రాంటు మొత్తం అతనిదే అయ్యేది. అక్టోబర్లో మానేస్తే బాకీ. ఈ ఒక్క ముక్క చెప్పేవాడు లేక మునిగిపోయిన పిల్లల్ని నేను కౌంటర్ అవతల ఎంతమందిని చూశానో. క్లాసుకు వెళ్లడం ఆపేస్తే సరిపోతుంది, వాళ్లే పేరు తీసేస్తారులే అనుకుంటారు, లేకపోతే నాన్నకు దెబ్బ తగిలి పనికి పోలేక కొడుకు షిఫ్టులు ఎక్కువ చేస్తాడు, ఎవరికీ చెప్పడు, ఎవరికి చెప్పాలో తెలీదు. జనవరిలో రిజిస్టర్ అవుదామని వస్తే సిస్టమ్‌లో హోల్డ్, బాకీ తీరేదాకా చేరనివ్వరు. అప్పుడు నా ముందు నిలబడి, పక్కన వాళ్ల నాన్న, టోపీ చేతిలో పట్టుకుని, "ఎంత కట్టాలో అడుగు" అని కొడుకుతో స్పానిష్‌లో అనడం.

కాబట్టి ఆ నాన్న పిరికివాడని గానీ, చదువు విలువ తెలియనివాడని గానీ అనుకోకండి. ఒకసారి చెయ్యి కాలింది, అంతే.

ఇక మీ అసలు ప్రశ్న. పనికొస్తాయి, కానీ జనం అనుకునే కారణానికి కాదు. ఇక్కడ ఫస్ట్ జనరేషన్ స్టూడెంట్ అంటే తల్లిదండ్రుల్లో ఎవరికీ నాలుగేళ్ల డిగ్రీ లేని పిల్లలని లెక్క, ఫెడరల్ చట్టంలోకే 1980లో ఎక్కిన మాట ఇది. ఆ పిల్లలకు డబ్బు ఒక కొరత, ఇంట్లో దారి తెలిసిన మనిషి లేకపోవడం ఇంకో కొరత. మీ పిల్లలు కాలేజీకి వెళ్తే ఎన్ని క్రెడిట్లు తీసుకోవాలో, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్ అంటే పిల్లలు వెళ్లి అడగడానికేనని, ఒక సబ్జెక్ట్ పోయేలా ఉంటే ఏ తేదీలోపు డ్రాప్ చెయ్యాలో మీరో, మీ బావమరిదో, వాట్సాప్ గ్రూపులో ఇంకెవరో చెప్తారు. మీ దోసెల మాస్టర్ కూతురికి ఎవరు చెప్తారు? పైగా ఆ ఇంట్లో పెద్దదిక్కు ఆ పిల్లే అయ్యుంటుంది. కరెంటు బిల్లు, డాక్టర్ అపాయింట్‌మెంటు, తమ్ముడి స్కూల్ నుంచి వచ్చిన ఉత్తరం, అన్నీ ఆ పిల్లే చదివి స్పానిష్‌లో చెప్పాలి. మీ కౌంటర్ దగ్గర ఖాళీ టైంలో ఫోన్ చూస్తుంటే రీల్స్ అనుకోకండి, వాళ్లమ్మ మందుల ఇన్సూరెన్స్ యాప్ అయ్యుండొచ్చు.

మంచి ప్రోగ్రామ్‌లు ఈ రెండో కొరతను కనిపెట్టినవే. హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్ ఉంది కదా, అందరికంటే పేరున్నది, దాన్ని 1975లో కాలిఫోర్నియాలో ఎర్నెస్ట్ రోబ్లెస్ అనే ఆయన, భార్య డోరతీతో కలిసి, సొంత ఇంటి మీద 30,000 డాలర్ల రెండో తాకట్టు పెట్టి మొదలుపెట్టాడు. మన దగ్గర కూతురి పెళ్లికి పొలం తాకట్టు పెట్టినట్టు, ఎవరి పిల్లల చదువుకో ఇల్లు తాకట్టు పెట్టాడు. ఇవాళ వాళ్లిచ్చేది ఒక్కొక్కరికి 500 నుంచి 5,000 డాలర్ల మధ్య. నిజం చెప్పాలంటే 500 డాలర్లు నర్సింగ్ పుస్తకాలకు కూడా చాలవు. అయినా నేను పిల్లల చేత అప్లై చేయించేదాన్ని, ఎందుకంటే అందులో సెలెక్ట్ అయితే డబ్బుతో పాటు మెంటర్లు, కెరీర్ సెంటర్, ఇంటర్న్‌షిప్‌లు ఇచ్చే కంపెనీలతో పరిచయాలు, తల్లిదండ్రులకు ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ మీటింగులు, ఇవన్నీ వస్తాయి. హైస్కూల్ పిల్లలకు జీపీఏ, అంటే మార్కుల సగటు, 3.0 ఉండాలి, ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టుకునే దరఖాస్తు) నింపి ఉండాలి. మామూలుగా జనవరి 1న తెరిచి ఫిబ్రవరి 15న మూసేస్తారు, ఆ పిల్ల క్యాలెండర్‌లో రాయించండి.

మీకు నచ్చే కథ ఇంకొకటి. ఎల్ పాసోలో రిచర్డ్ కాస్ట్రో అని మెక్‌డొనాల్డ్స్ ఓనర్, అంతకుముందు టీచర్, హిస్పానిక్ పిల్లలు చదువు మధ్యలో వదిలేయడం చూసి 1985లో తోటి ఓనర్లను కూడగట్టి హేసర్ అనే స్కాలర్‌షిప్ మొదలుపెట్టించాడు. ఇప్పుడది దేశమంతా ఉంది, ఒక్కొక్కరికి గరిష్ఠంగా 1,00,000 డాలర్ల దాకా. చూశారా, వంటింటి వెనక నిలబడ్డ ఓనరే. మీరు అంత చెయ్యక్కర్లేదు.

టెక్సస్‌లోనే డెల్ స్కాలర్స్ ఉంది, మైకేల్ అండ్ సూజన్ డెల్ ఫౌండేషన్ వాళ్లది, ఏటా 500 మందికి 20,000 డాలర్లు, ల్యాప్‌టాప్, పుస్తకాలకు క్రెడిట్. నాకు ఇది ఎందుకిష్టమంటే కనీస జీపీఏ 2.4 చాలు. ఫస్ట్ ర్యాంక్ పిల్లల వెనక పడరు వీళ్లు. ఇంటి బాధ్యతలు మోస్తూ, పని చేస్తూ, మార్కులు కాస్త తగ్గినా నిలబడ్డ పిల్లల్ని వెతుకుతారు, చేరాక కూడా ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఈ నెల ఎలా ఉన్నావు, రెంట్ కట్టగలిగావా" అని అడుగుతారు. కానీ ఒక షరతు, 11, 12 తరగతుల్లో వాళ్లు ఒప్పుకునే కాలేజ్ రెడీనెస్ ప్రోగ్రామ్‌లో ఉండి ఉండాలి. ఆ పిల్ల స్కూల్లో అవిడ్ లాంటి క్లాసు తీసుకుందేమో, అప్‌వర్డ్ బౌండ్‌లో ఉందేమో అడగండి. అప్‌వర్డ్ బౌండ్ 1964 నాటి ఫెడరల్ ప్రోగ్రామ్, చాలామంది పిల్లలు అందులో ఉండి కూడా దాని పేరు తెలియకుండా "శనివారం క్లాసు" అంటారు.

పొలాల్లో పని చేసే కుటుంబాల పిల్లలకైతే క్యాంప్ అని వేరే ఉంది, 1972 నుంచి, కాలేజీ మొదటి ఏడాది అంతా వెన్నంటి ఉంటుంది. ఆస్టిన్‌లో సెయింట్ ఎడ్వర్డ్స్ యూనివర్సిటీ ఆ ఏడాదే మొదలుపెట్టింది. మీ వాళ్లది రెస్టారెంట్ పని కాబట్టి వర్తించదు, కానీ ఇది చదివేవాళ్లలో రియో గ్రాండే వ్యాలీ వైపు మోటెల్స్, స్టోర్లు నడిపే మనవాళ్లున్నారు, పక్కింటి పిల్లలకు చెప్పడానికి పనికొస్తుంది.

డబ్బొక్కటే చాలదు అని నేను ఊరికే అనడం లేదు. న్యూయార్క్‌లో సిటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో ఏసాప్ అని ఒకటి మొదలుపెట్టారు, కమ్యూనిటీ కాలేజీ పిల్లల కోసం, అందులో హిస్పానిక్ పిల్లలు బాగా ఎక్కువ. ఫీజులో తక్కువ పడ్డది వాళ్లు కడతారు, పుస్తకాలకు సాయం చేస్తారు, సబ్‌వే కార్డు ఇస్తారు, అయితే ఆ కార్డు ఊరికే రాదు, అడ్వైజర్‌ని కలిస్తేనే వస్తుంది. రైలెక్కాలంటే మాట్లాడక తప్పదు! లాటరీ తీసినట్టు కొందరు పిల్లల్ని అందులో వేసి, కొందర్ని మామూలుగా వదిలేసి పోల్చి చూశారు. మూడేళ్లలో కోర్సు పూర్తి చేసినవాళ్లు మామూలు పిల్లల్లో 22 శాతం, ఏసాప్ పిల్లల్లో 40 శాతం. దాదాపు రెట్టింపు. మన కుర్రాడికి అక్టోబర్లో అలాంటి అడ్వైజర్ ఒక్కరుంటే ఆ 2,100 బిల్లు పడేది కాదు.

సరే, ఇప్పుడు ఈ అమ్మాయి. డబ్బుల వరస తారుమారు చెయ్యకండి. చాలామంది ఇంటర్నెట్‌లో "హిస్పానిక్ స్కాలర్‌షిప్" అని వెతికి, వెయ్యి డాలర్ల వ్యాసాల పోటీలకు రాత్రిళ్లు కూర్చుని రాసి, అసలు పెద్ద డబ్బు ఉన్న ఫారం నింపరు. ఆ ఫారం ఫాఫ్సా. ఫ్రీ. అది నింపితే పెల్ గ్రాంట్ తెలుస్తుంది, ఈ విద్యాసంవత్సరానికి గరిష్ఠం 7,395 డాలర్లు, మీరు చెప్పిన కుటుంబానికి పూర్తిగానో దాదాపు పూర్తిగానో రావాలి. దాని పైన యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ సిస్టమ్ వాళ్లు 2025 ఫాల్ నుంచి కొత్త ప్రామిస్ పెట్టారు: కుటుంబ ఆదాయం 1,00,000 డాలర్లు, ఆ లోపు అయితే టెక్సస్ పిల్లలకు, ఫుల్ టైం చదివితే, గ్రాంట్లు పోను మిగిలిన ట్యూషన్, ఫీజులు మాఫీ. వాళ్ల తొమ్మిది యూనివర్సిటీలకూ వర్తిస్తుంది. అంటే ఆర్లింగ్టన్‌లో ఉన్న వాళ్ల యూనివర్సిటీకీ వర్తిస్తుంది, ఆర్లింగ్టన్‌లో నర్సింగ్ స్కూల్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, మీ ఇంటికి కార్లో ఎంతో దూరం లేదు. మీరూ, మీ ఆవిడా, ఆ నాన్నా ముగ్గురూ వెతుకుతున్నది పక్క ఊళ్లోనే ఉంది, దాని పేరు హిస్పానిక్ స్కాలర్‌షిప్ కాదు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

చిక్కు కూడా చెప్తాను. ట్యూషన్ మాఫీ అవుతుంది గానీ ప్రయాణం మాఫీ కాదు. ఆర్లింగ్టన్‌లో రైలు లేదు, టైం ప్రకారం రూట్ల మీద తిరిగే సిటీ బస్సులూ లేవు, అంత పెద్ద ఊరికి ఇదేం ఖర్మో నాకిప్పటికీ అర్థం కాదు. కారు కావాలి. ఆ ఇంట్లో ఒక్క కారుండి, అది నాన్నతో మీ రెస్టారెంట్ వెనక పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడి ఉంటే, ఈ ప్రామిస్ కాగితం మీదే ఆగిపోతుంది. అలాంటప్పుడు డాలస్ కాలేజీ నార్త్ లేక్ క్యాంపస్ మీ ఇర్వింగ్‌లోనే ఉంది. డాలస్ కౌంటీలో చాలా హైస్కూళ్ల పిల్లలకు వాళ్ల ప్రామిస్ ప్రోగ్రామ్ ద్వారా ట్యూషన్ కట్టక్కర్లేదు. స్కూలు ఆ లిస్టులో ఉందో లేదో, సైన్ చెయ్యడానికి ఆఖరి తేదీ ఎప్పుడో కౌన్సెలర్‌ని ఈ వారమే అడగాలి, వచ్చే వారం కాదు. నర్సింగ్‌కు కావలసిన మొదటి సైన్స్ క్లాసులు అక్కడ చేసి తర్వాత మారొచ్చు. నా ఓటు మాత్రం, కారు సమస్య తీరితే, నేరుగా ఆర్లింగ్టన్‌కే. మధ్యలో మారేటప్పుడు క్రెడిట్లు కొన్ని పోతాయి, పిల్లలూ కొందరు జారిపోతారు.

క్వెస్ట్‌బ్రిడ్జ్, గేట్స్ స్కాలర్‌షిప్ అని ఎవరైనా చెప్తే, అవి సెప్టెంబర్లోనే అయిపోయాయి. వదిలేయండి. ఆ ఇంట్లో తమ్ముడెవరైనా ఉంటే, వాడికి 11వ తరగతిలోనే చెప్పండి.

ఇప్పుడు నాన్న అంటున్న "ఒక ఏడాది పని" గురించి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ ప్రామిస్‌లూ, స్కాలర్‌షిప్‌లూ చాలావరకు హైస్కూల్ అవ్వగానే చేరే పిల్లల్ని లెక్కలో పెట్టుకుని కట్టినవి. ఏడాది ఆగితే కొన్ని తలుపులు మూసుకుపోతాయి. పైగా ఆ ఏడాదిలో ఇంటి ఖర్చు ఆ పిల్ల జీతానికి అలవాటు పడుతుంది, తర్వాత మానెయ్యమని ఎవరూ అనలేరు, ఆ పిల్ల అసలే అనదు. ఇది ఆయనకు చెప్పాలి. కానీ మీరు చెప్పకండి. మీరు ఓనరు. మీరేం చెప్పినా ఆయన తలూపుతాడు, ఇంటికెళ్లి తను చేసేది తను చేస్తాడు, మధ్యలో ఆ పిల్ల నలుగుతుంది. స్కూళ్లలో స్పానిష్‌లో ఫైనాన్షియల్ ఎయిడ్ నైట్ పెడతారు, ఆయన్ని అక్కడికి పంపించండి, ఆ సాయంత్రం జీతం కొయ్యకుండా. తనలాంటి ఇంకో నాన్న లేచి "మా పెద్దమ్మాయి ఇలా చేసింది" అని చెప్తే వచ్చే నమ్మకం మీ దగ్గరా నా దగ్గరా రాదు. వీలైతే వాళ్లమ్మనూ. అమ్మాయి దూరం వెళ్లిపోతుందేమో అన్న భయం చాలా ఇళ్లలో డబ్బు భయంకంటే పెద్దది, మన ఇళ్లలో లేదా ఏంటి, ఇంట్లోంచే వెళ్లొచ్చే కాలేజీ అని తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

మీరు మాత్రమే చెయ్యగలిగింది ఒకటుంది, కొంచెం ఇబ్బందిగా ఉన్నా అడుగుతా. ఆయనకు జీతం మొత్తం చెక్కు మీద ఇస్తున్నారా, కొంత చేతికి ఇస్తున్నారా? నేను ఐఆర్ఎస్ (టాక్స్ శాఖ) కాదు, భయపడకండి. కానీ 2026-27 ఫాఫ్సా 2024 టాక్సుల మీద నడుస్తుంది, ఆదాయానికి కాగితం లేకపోతే కాలేజీ వెరిఫికేషన్ అంటుంది, వాళ్లడిగిన ముక్క దొరక్క నెలలు పోతాయి. నా కౌంటర్ దగ్గర ఆగిపోయిన ఫైళ్లలో ఎన్నింటికో కారణం ఓనర్ ఇవ్వని డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం చూపే కాగితం. మీరు సరిగ్గా ఇస్తుంటే సంతోషం. లేకపోతే ఆ పిల్లకు మీరు చెయ్యాల్సిన మొదటి సాయం అదే, 5,000 కాదు.

ఇంకో సున్నితమైన విషయం. అమ్మాయి ఇక్కడే పుట్టింది, సిటిజన్, తల్లిదండ్రుల కాగితాలు ఎలా ఉన్నా పెల్ గ్రాంట్‌కు ఆమె అర్హురాలే. తల్లికో తండ్రికో సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా ఫాఫ్సాలో అకౌంట్ తెరవొచ్చు. అయితే ఈ రోజుల్లో ఫెడరల్ ఫారంలో తమ వివరాలు పెట్టడానికి కొందరు భయపడుతున్నారు, ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. వాళ్ల స్టేటస్ ఏంటని మీరు అడగకండి, మీకు చెప్పాల్సిన పని లేదు. అలాంటి సందేహం ఉంటే నిజమైన ఇమిగ్రేషన్ లాయర్‌తోనో, వలసదారులకు న్యాయసాయం చేసే సంస్థతోనో మాట్లాడుకుని వాళ్లే నిర్ణయించుకోవాలి. "నోటారియో" బోర్డు పెట్టుకున్నవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకండి. వాళ్ల దేశంలో నోటారియో అంటే లాయర్ స్థాయి మనిషి, ఇక్కడ నోటరీ అంటే స్టాంపు వేసేవాడు, ఈ తేడా మీద బతికే మోసగాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఫాఫ్సా నింపడానికి, స్కాలర్‌షిప్ ఇప్పించడానికి డబ్బులడిగితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యాలి.

ఇదే ఇంట్లో పుట్టింది ఇక్కడ కాకుండా అక్కడైతే కథ వేరే. 2001లో కాగితాలు లేని అలాంటి పిల్లలకు లోకల్ ఫీజు (రాష్ట్రంలో ఉండేవాళ్లకిచ్చే తక్కువ ఫీజు) ఇచ్చిన మొదటి రాష్ట్రం టెక్సస్సే, 2025 జూన్‌లో ఫెడరల్ గవర్నమెంట్ కేసు వేస్తే రాష్ట్రం అదే రోజు ఒప్పేసుకుని ఆ చట్టాన్ని కోర్టులో కొట్టేయించుకుంది. ఆ పిల్లలకు ద డ్రీమ్.యూఎస్ లాంటి స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, మాల్డెఫ్ అనే హక్కుల సంస్థ వాళ్లు స్టేటస్ అడగని స్కాలర్‌షిప్‌ల లిస్టు పెడుతుంటారు. ఎవరికైనా అవసరమైతే విడిగా రాయండి.

మీ ఫ్రెండ్ మాట మర్చిపోలేదు. ఆయనకిలా చెప్పండి: పైన నేను చెప్పినవాటిలో పెల్ గ్రాంట్, టెక్సస్ ప్రామిస్, డెల్, క్వెస్ట్‌బ్రిడ్జ్, అప్‌వర్డ్ బౌండ్, వీటిలో ఏదీ జాతి చూడదు, ఆదాయం, తల్లిదండ్రుల చదువు చూస్తాయి. గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేసే మన తెలుగాయన, ఇంటర్‌తో ఆపేసినాయన, ఆయన కూతురికి గ్రీన్ కార్డు ఉంటే ఆ పిల్లకూ ఇవన్నీ వర్తిస్తాయి. ఆసియా పిల్లలకు ఏపీఐఏ స్కాలర్స్ అని విడిగా ఉంది. మనవాళ్ల పిల్లలకు రాకపోవడానికి కారణం చాలాసార్లు అమ్మా నాన్నా ఇద్దరూ ఇంజినీర్లు కావడం, దానికి ఏడవాల్సిన పని లేదు. పైగా పేరులో హిస్పానిక్ ఉన్నవాటికి కూడా గాలి మారింది. 2023లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతి చూడొద్దన్నాక కేసులు పడ్డాయి, 2025 జనవరిలో హేసర్ మీద కేసు సెటిల్ అయినప్పుడు తల్లిదండ్రుల్లో ఒకరు హిస్పానిక్ అయ్యుండాలన్న షరతు తీసేశారు. 2025 సెప్టెంబర్లో విద్యాశాఖ హిస్పానిక్ పిల్లలు కనీసం నాలుగో వంతు ఉన్న కాలేజీలతో సహా మైనారిటీ కాలేజీలకిచ్చే దాదాపు 350 మిలియన్ డాలర్ల గ్రాంట్లు ఆపేసింది. ఆ గ్రాంట్లతో నడిచేవి ట్యూటరింగ్ సెంటర్లు, అడ్వైజర్ల జీతాలు. నేను పనిచేసిన సీటు లాంటివి. ఏ స్కాలర్‌షిప్ అయినా అప్లై చేసేరోజు దాని రూల్స్ మళ్లీ చదివించండి, పోయినేడాది విన్నది ఈ ఏడాది ఉండకపోవచ్చు.

ఇక మీ 5,000. కవర్లో పెట్టి ఆ పిల్ల చేతికిస్తే రెండు తలనొప్పులు. మీ దగ్గర పని చేసే పిల్ల కాబట్టి ఓనర్ ఇచ్చే గిఫ్టును టాక్స్ వాళ్లు జీతంగానే చూస్తారు. అలా కాదని ట్యూషన్‌కు కడితే, ఎటూ మాఫీ అయ్యే ట్యూషన్‌లో మీ డబ్బు పడి యూనివర్సిటీకి మిగులుతుంది, పిల్లకు కాదు. దీన్ని కాలేజీల్లో డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు, బయటి స్కాలర్‌షిప్ వస్తే లోపలిది తగ్గించడం. అందుకని మీ సీపీయేని సెక్షన్ 127 గురించి అడగండి. రాతపూర్వకంగా ఒక ప్లాన్ పెట్టుకుంటే ఉద్యోగి చదువుకు ఏటా 5,250 డాలర్ల వరకు, ఫీజులు, పుస్తకాలు, పరికరాలకు, టాక్స్ లేకుండా ఇవ్వొచ్చు. ఒక్క ఈ పిల్లకే అని రాస్తే కుదరదు, మీ దగ్గర పనిచేసేవాళ్లకు ఒకే రూలు పెట్టాలి, గిన్నెలు కడిగే కుర్రాడు రేపు జీఈడీ (హైస్కూల్‌కు సమానమైన పరీక్ష) తర్వాత ఏదైనా నేర్చుకుంటానంటే వాడికీ ఇవ్వాలి. అది మీకు భారమైతే ఊరుకోండి, పుస్తకాలు, నర్సింగ్ స్క్రబ్స్, స్టెతస్కోప్ కొనే సమయానికి మీ ఆవిడ వెళ్లి కొనిపెట్టినా చాలు. నన్నడిగితే ఆ డబ్బులో పెద్ద భాగం కారుకే పోవాలి. మీ పాత కారు ఏదైనా అమ్మబోతుంటే, డీలర్ ఇచ్చే ధరకే నాన్నకు అమ్మి, నెలకింత అని కట్టించుకోండి. దానంగా ఇస్తే ఆయన తీసుకోడు, ధర కడితే తలెత్తుకుని తీసుకుంటాడు.

షిఫ్టుల సంగతి: శని ఆదివారాలు రెండు రోజులూ పెట్టకండి, ఒక్క రోజు చాలు. సెమిస్టర్ చివరి రెండు వారాలు అసలు పిలవకండి, బిర్యానీ ఆర్డర్లు ఎన్ని వచ్చినా సరే. ఇక జూన్, జూలై నెలలు కనిపెట్టుకుని ఉండండి, సీటు వచ్చి, ఎయిడ్ వచ్చి, ఆగస్టులో క్లాసుకు రాని పిల్లలుంటారు, ఇక్కడ సమ్మర్ మెల్ట్ అంటారు, వేసవిలో కరిగిపోవడం. ఏదో వ్యాక్సిన్ కాగితం, ఏదో ఓరియెంటేషన్ ఫీజు, పోర్టల్‌లో ఎర్ర గుర్తు, స్కూల్ కౌన్సెలర్ సెలవుల్లో ఉంటుంది, అడిగే దిక్కుండదు. వారానికోసారి "పోర్టల్ చూశావా" అని అడగండి, అంతకంటే మీరేం చెయ్యక్కర్లేదు.

మొదలు మాత్రం ఈ మంగళవారమే పెట్టండి. మధ్యాహ్నం లంచ్ అయ్యాక డిన్నర్ ముందు మీ రెస్టారెంట్ మూసి ఉండే టైంలో, నాలుగింటికి స్కూల్ నుంచి ఆ పిల్ల వచ్చాక, ఒక బల్ల మీద ల్యాప్‌టాప్, టీ, పక్కన నాన్న, ఆయన 2024 టాక్స్ కాగితాలు. ఫారం పిల్లే నింపుతుంది, మీరు స్క్రీన్ వైపు చూడకండి, వెళ్లి సాంబారుకు ముక్కలు కోసుకోండి. నాన్న విడిగా తన పేరు మీద అకౌంట్ తెరిచి ఒప్పుకోవాలి, దానికి కోడ్ వస్తుంది, చాలా ఇళ్లలో ఫారం ఆగిపోయేది అక్కడే. ఆయనకు సొంత ఈమెయిల్ ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే సోమవారం రాత్రే చేయించి, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఆ పిల్ల దగ్గర పెట్టించండి, ఫోన్ మారినా ఉండేలా.